కారుతో వచ్చిన మ్యూజిక్ సిస్టం పోతోంది. అదే కారు కొత్త మోడల్‌ది తెచ్చి పెట్టొచ్చా?

నేరేడ్‌మెట్ కోడలు:

అందరికీ నమస్తే. నాది 2016 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, మధ్య వేరియంట్. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. రాస్తే సగం మంది ఆ కంపెనీని తిట్టడానికి, మిగతా సగం వెనకేసుకు రావడానికి వచ్చేస్తారు, నా ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోతుంది.

ఇంజన్, ఏసీ, గేర్లు అన్నీ బంగారంలా ఉన్నాయి. కారుతో పాటు వచ్చిన 7 అంగుళాల టచ్ సిస్టం ఒక్కటే ప్రాణం తీస్తోంది. ఎండలో కాసేపు పార్కింగ్‌లో ఉంటే చాలు, స్క్రీన్ ఎడమ పక్క కింది మూల ఎవరూ ముట్టుకోకుండానే నొక్కుకుంటుంది. ఆ మూలలో ఉండేది ఫోన్ గుర్తు. మెట్టుగూడ సిగ్నల్ దగ్గర ఆగి ఉంటాను, అదే మా ఆడపడుచుకి కాల్ చేసేస్తుంది. ఆవిడ ‘ఏంటి వదినా పొద్దున్నే’ అంటుంది, నేను ఏదో ఒక మాట వెతుక్కోవాలి. ఈ మధ్య ఇంకో జబ్బు మొదలైంది. నడుస్తూ నడుస్తూ స్క్రీన్ నల్లబడి, కంపెనీ బొమ్మ వచ్చి, మళ్లీ మొదటి నుంచి లేస్తుంది. ఆ కాసేపు రివర్స్ కెమెరా కూడా ఉండదు. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కెమెరా లేకుండా వెనక్కి తీయడం నా వల్ల కాదు.

సర్వీస్ సెంటర్‌లో అడిగితే రిపేరు లేదు, మొత్తం మార్చాల్సిందే అన్నారు. వాళ్లు చెప్పిన రేటుకి మా ఇంట్లో కొత్త ఫ్రిజ్ వస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. మా బ్యాంకులో ఒకాయన బావమరిదికి ఇదే కారు 2021 మోడల్, టాప్ వేరియంట్ ఉంది. ఆయన పెద్ద స్క్రీన్ పెట్టించుకుని, కంపెనీది తీసి పక్కన పెట్టారు. ఆండ్రాయిడ్ ఆటో (ఫోన్‌లోని మ్యాప్, పాటలు కారు స్క్రీన్ మీద చూపించేది) ఉంది, స్క్రీన్ మీద గీత కూడా లేదు, 9 వేలకి ఇస్తానంటున్నారు. చూడ్డానికి వెనక పెద్ద కప్లర్, అదే కారు వైర్లన్నీ వచ్చి కలిసే ప్లాస్టిక్ సాకెట్, నాదానిలాగే ఉంది. నా స్టీరింగ్ మీద బటన్లు ఉన్నాయి, రివర్స్ కెమెరా కంపెనీదే. ఇవన్నీ పని చేస్తాయా? కొనే ముందు ఏం చూసుకోవాలి?

మా మామయ్యగారు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఎలక్ట్రికల్ సైడు చేసి రిటైర్ అయ్యారు. బిగించడం ఆయన చూసుకుంటారు. ఆయన షరతు ఒకటే, కారు వైరు ఒక్కటి కూడా కొయ్యకూడదు.


ఆండ్రాయిడ్ అన్న:

మేడమ్, 9 వేలు పెట్టి ఎవరో వాడేసింది ఎందుకు? ఇంకో రెండు మూడు వేలు వేస్తే 9 అంగుళాల ఆండ్రాయిడ్ స్క్రీన్ వస్తుంది, ఫ్రేమ్, కప్లర్ కిట్ అన్నీ దాంతోనే ఇస్తారు. ప్లగ్ అండ్ ప్లే, ఏడాది వారంటీ. యూట్యూబ్ కూడా చూసుకోవచ్చు. నేను పెట్టించుకుని హ్యాపీగా ఉన్నా.


నేరేడ్‌మెట్ కోడలు:

థాంక్స్ అండి. మా తమ్ముడి కారులో అలాంటిదే ఉంది. బండి స్టార్ట్ చేశాక అది నిద్రలేచేలోపు మేము వీధి చివరికి వెళ్లిపోతాం, రివర్స్ తీసేది ఆ ముందే కదా. మైకులో నా గొంతు బావిలోంచి వచ్చినట్టుందని అవతలి వాళ్లంటారు. కారులో యూట్యూబ్ చూసే తీరిక ఉంటే నేను బస్సే ఎక్కుతాను. కంపెనీదే కావాలి.


రాణిగంజ్ రెగ్యులర్:

మేడమ్ గారూ, పరేషాన్ కాకండి. మొదలు ఒక మాట. మీరు చెప్పిన ‘ముట్టకుండానే నొక్కుకునుడు’ మొత్తం సిస్టం పోయినట్టు కాదు. ఆ కాలం స్క్రీన్లలో చాలావాటికి పైన ఉండేది రెసిస్టివ్ టచ్. మీద ఒక మెత్తటి పొర, కింద గాజు, మధ్యలో సన్నటి సందు. వేలితో నొక్కితే రెండూ తగులుతాయి. ఎండకి అంచుల జిగురు కరిగి పై పొర ఉబ్బినా కుంగినా, నొక్కకపోయినా తగులుతాయి. నాలుగు తీగల టచ్ గాజు విడిగా దొరుకుతుంది. కోఠీ గుజరాతీ గల్లీలో అడగండి, కొలతలు మిల్లీమీటర్లలో రాసుకుని పోండి, 7 అంగుళాలు అంటే సరిపోదు. అది వేసినంక కాలిబ్రేషన్, అంటే వేలు పెట్టిన చోటే పలికేటట్టు సరిచేసుడు, చేసుకోవాలె.

కానీ దానంతట అది ఆగి లేస్తుందన్నారు చూడండి, అది టచ్‌ది కాదు. ముందు మీ బ్యాటరీ, ఎర్త్ చూపించండి. ఇంజన్ నడుస్తుంటే సిస్టం కప్లర్ దగ్గర 13.8 నుంచి 14.4 వోల్టులు రావాలె. అక్కడే తక్కువ వస్తుంటే కొత్తది పెట్టినా అదే కథ. అక్కడ బాగుండి కూడా ఆగుతుంటే లోపల బోర్డు వేడికి పోతున్నట్టే. అప్పుడు గాజు మీద పైసలు పెట్టకండి.

ఇంకొకటి. రాణిగంజ్, బైబిల్ హౌస్ ఏరియా మొత్తం తిరిగే మనిషిగా చెప్తున్నా, వాడిన సిస్టం కొంటే ఎవరి కారులోంచి వచ్చిందో తెలియాలె. మీకు తెలిసిన మనిషిది కాబట్టి ఫరవాలేదు, అయినా వాళ్ల ఆర్సీ ఫోటో ఒకటి, 9 వేలకి అమ్మినట్టు సంతకం పెట్టిన కాయితం ఒకటి ఉంచుకోండి. రేపు సిస్టం లాక్ అయితే ఆ ఆర్సీలో ఉన్న చాసిస్ నంబరే పనికొస్తది.


వైరింగ్ పిచ్చోడు:

పై ఆయన చెప్పింది కరెక్ట్. నేను మిగతాది చెప్తాను, కొంచెం పొడుగ్గానే ఉంటుంది. మామయ్యగారికి చదివి వినిపించండి, ఆయనకి నచ్చుతుంది.

కప్లర్ పట్టిందంటే సిస్టం పని చేస్తుందని కాదు. ప్లాస్టిక్ సాకెట్ ఆకారం ఏళ్ల తరబడి అదే ఉంచి, లోపల ఏ గదిలో ఏ సిగ్నల్ అన్నది కంపెనీలు మార్చేస్తుంటాయి. కరెంటు, ఎర్త్, స్పీకర్లు సాధారణంగా కదలవు. కదిలేవి రివర్స్ సిగ్నల్, స్పీడు సిగ్నల్, లైట్లు వేసినప్పుడు స్క్రీన్ వెలుగు తగ్గించే ఇల్యూమినేషన్. మీ 2016 కారులో వీటికి ఒక్కోదానికి ఒక్కో వైరు ఉంటుంది. కొత్త మోడల్‌లో ఇవన్నీ క్యాన్ అనే రెండు మెలేసిన వైర్ల మీద డేటాగా వస్తూ ఉండొచ్చు. అప్పుడు సిస్టం ఆ డేటా కోసం చూస్తూ కూర్చుంటుంది, మీ కారేమో పాత పద్ధతిలో 12 వోల్టులు పంపుతూ ఉంటుంది. కాబట్టి ఏ గదిలో ఏ సిగ్నలో చూపించే పిన్ చార్టులు, రెండు కార్లవీ పక్కపక్కన పెట్టుకోకుండా ముందుకెళ్లొద్దు. నెట్‌లో దొరికే ఎరుపు ఏసీసీ (తాళం తిప్పాకే వచ్చే కరెంటు), పసుపు బ్యాటరీ, నలుపు ఎర్త్ అన్న రంగుల లెక్క బయటి కంపెనీల సిస్టంలది. కారు వైరింగ్‌కి అది వర్తించదు. రంగు చూసి కలిపేవాళ్ల కార్లు నా దగ్గరికి చాలా వచ్చాయి.

స్టీరింగ్ బటన్ల గురించి టెన్షన్ వద్దు, కానీ కొలవాలి. బటన్ల వెనక ఉండేది వరసగా పెట్టిన రెసిస్టర్లు. ఒక్కో బటన్ నొక్కితే ఒక్కో ఓమ్స్ విలువ. పాత సిస్టం కప్లర్ ఊడదీసి, స్టీరింగ్ వైరుకీ దాని ఎర్త్‌కీ మధ్య మీటర్ పెట్టి ఒక్కో బటన్ నొక్కి రాసుకోండి. కొత్త కారులోనూ అవే విలువలైతే వెంటనే పని చేస్తాయి. తేడా ఉంటే వాల్యూం నొక్కితే పాట మారుతుంది.

కెమెరాకి వచ్చే కరెంటు కొలవకుండా కలపకండి. కొన్ని కంపెనీ కెమెరాలు 6 వోల్టులవి, వాటికి కరెంటు ఇచ్చేది సిస్టమే. 12 ఇస్తే కెమెరా పోతుంది. ఏంటెన్నా పిన్ను చూడండి. పాతవాటిలో లావు పిన్ను, కొత్తవాటిలో చిన్న చతురస్రపు ప్లాస్టిక్ సాకెట్ ఉండొచ్చు. అడాప్టర్ దొరుకుతుంది, కానీ టాప్ మీద ఏంటెన్నా లోపల చిన్న బూస్టర్ ఉంటే దానికీ కరెంటు కావాలి. కొన్ని కార్లలో అది విడి వైరులో వెళ్తుంది, కొన్నిట్లో ఏంటెన్నా కేబుల్లోనే. అది అందకపోతే ఎఫ్ఎం గరగరలాడుతుంది, సిస్టమే పాడైందనుకుంటారు. ఆండ్రాయిడ్ ఆటో కావాలంటే 2021 కారులో సిస్టం నుంచి డాష్‌బోర్డు పోర్టు దాకా వచ్చే యూఎస్‌బీ కేబులు, పోర్టుతో సహా అడిగి తీసుకోండి. మీ పాత కేబులు చివర సాకెట్ వేరే రకం అయ్యే అవకాశం ఎక్కువ. జీపీఎస్ ఏంటెన్నా కూడా అడగండి, చిన్న నల్ల పెట్టె, ఎవరూ పట్టించుకోరు.

అన్నిటికంటే ముందు లాక్. కొన్ని సిస్టంలు బ్యాటరీ తీసి పెడితే నాలుగంకెల కోడ్ అడుగుతాయి. ఆడి లాంటి కార్లలో కాంపోనెంట్ ప్రొటెక్షన్ ఉంటుంది, కంపెనీ సర్వర్‌తో జత చేస్తే తప్ప ఇంకో కారులో సరిగా పని చేయదు. మీది ఆ కోవది కాకపోవచ్చు, అయినా డబ్బులిచ్చే ముందే తెలుసుకోవాలి. ఇంట్లో ఇన్వర్టర్ ఉందా? దాని 12 వోల్టుల బ్యాటరీ చాలు. బ్యాటరీ వైరు, ఏసీసీ వైరు రెండూ కలిపి 5 ఆంప్స్ ఫ్యూజు గుండా ప్లస్‌కి, ఎర్త్ మైనస్‌కి. స్పీకర్లు వద్దు. ఒకవేళ స్పీకర్ పెట్టి వినాలనిపిస్తే దాని మైనస్‌ని ఎర్త్‌కి కలపకండి, ఈ సిస్టంలలో స్పీకర్ రెండు తీగల్లోనూ వోల్టేజీ ఉంటుంది, లోపలి ఐసీ కాలుతుంది. వెలిగిందా, కోడ్ అడిగిందా, టచ్ నాలుగు మూలలా పలుకుతోందా, అరగంట వేడెక్కాక కూడా నిలబడుతోందా చూడండి. ఆ తర్వాతే 9 వేలు.

వెనక స్టిక్కర్ ఫోటో పెడితే పార్ట్ నంబర్ చూసి చెప్తాను.


నేరేడ్‌మెట్ కోడలు:

మీ ఇద్దరికీ చాలా థాంక్స్. చదివి వినిపిస్తే మామయ్యగారు ‘ఈ అబ్బాయి పని తెలిసినోడు’ అన్నారు. ఆయన నోటి నుంచి ఆ మాట రావడం మా పెళ్లయ్యాక నేను విన్నది తక్కువ.

వోల్టేజీ చూశారు. ఇంజన్ నడుస్తుంటే కప్లర్ దగ్గర 14.1 ఉంది, ఏసీ, హెడ్‌లైట్లు వేసినా 13.9 దగ్గరే ఉంది. అంటే పాత సిస్టం బోర్డుదే గొడవ. గాజు ఆలోచన మానేశాం.

కొత్తది ఇంటికి తెచ్చి మీరు చెప్పినట్టే ఇన్వర్టర్ బ్యాటరీ దగ్గర పెట్టారు. కోడ్ అడగలేదు. స్క్రీన్ మీద ‘కెమెరా లేదు’ అని మాత్రం వచ్చింది, అది మామూలే అనుకుంటా. అరగంట కాదు, మధ్యాహ్నం సీరియల్ అయ్యేదాకా వదిలేశారు, ఆగలేదు. స్టిక్కర్ ఫోటో పెట్టాను. పిన్ చార్టు మాకు తెలిసిన మెకానిక్ ఒకాయన సర్వీస్ మాన్యువల్ నుంచి తీసిచ్చారు. పెద్ద కప్లర్‌లో రెండే తేడాలు. రివర్స్ సిగ్నల్ పక్క గదిలోకి వెళ్లింది. ఇల్యూమినేషన్ గది ఖాళీ, అది క్యాన్ మీద వస్తుందట.


వైరింగ్ పిచ్చోడు:

స్టిక్కర్ చూశాను. ఇండియా మోడల్‌దే, మీ వేరియంట్ స్పీకర్లకి సరిపోతుంది. రివర్స్‌కి విడిగా పిన్ను ఉండటం మీ అదృష్టం, కింది వేరియంట్ల కోసం ఉంచినట్టున్నారు. వైరు కొయ్యక్కర్లేదు. కప్లర్‌లో ఆ ఒక్క పిన్నుని పాత గదిలోంచి తీసి కొత్త గదిలో గుచ్చితే చాలు.

డాష్‌బోర్డు విప్పేముందు బ్యాటరీ మైనస్ తీసి కొన్ని నిమిషాలు ఆగండి. మధ్య ప్యానెల్లో హజార్డ్ స్విచ్‌తో పాటు ప్యాసింజర్ ఎయిర్‌బ్యాగ్ లైటు ఉంటే దాని కప్లర్ ఊడదీసి ఉన్నప్పుడు పొరపాటున కూడా ఇగ్నిషన్ ఆన్ చేయకండి. మీటర్లో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కూర్చుంటుంది, స్కానర్ పెట్టి తీయించుకోవాలి.


ఆండ్రాయిడ్ అన్న:

ఇంత కష్టం అవసరమా 😀 సరే, అయ్యాక ఎలా ఉందో రాయండి.


నేరేడ్‌మెట్ కోడలు:

పెట్టేశాం! పాటలు, ఫోన్, కెమెరా, స్టీరింగ్ బటన్లు, ఆండ్రాయిడ్ ఆటో, అన్నీ ఓకే.

ఆ పిన్ను తీసే పని చూసి తీరాలి. మామయ్యగారు కప్లర్‌ని ఒళ్లో తువ్వాలు మీద పెట్టుకుని, భూతద్దం కళ్లకి తగిలించుకుని కూర్చున్నారు. కప్లర్ పక్కన తెల్లటి తాళం ముక్క ఒకటి ఉంటుంది, దాన్ని ముందు సగం లాగాలట. తర్వాత ఎదర నుంచి సన్నటి చదును సూది దూర్చారు. లోపల పిన్నుని పట్టి ఉంచే చిన్న నాలుక ఉంటుంది, దాన్ని సూదితో అదిమి పట్టి వెనక నుంచి వైరుని మెల్లగా లాగితే పిన్ను చెక్కుచెదరకుండా బయటికొచ్చింది. బలంగా లాగావా, నాలుక విరిగి పిన్ను మళ్లీ నిలబడదు అన్నారు. పక్క గదిలో పెట్టి నెడితే ‘టక్’మంది. వెనక నుంచి ఓసారి లాగి చూశారు, రాలేదు. పాత గది మీద మార్కర్‌తో చుక్క పెట్టారు, రేపు ఎవరైనా పాత సిస్టం పెట్టాలన్నా తెలియాలని.

ఫ్రేమ్ దగ్గర కొంచెం తిప్పలు పడ్డాం. కొత్త మోడల్ సిస్టం అంచులు గుండ్రం, మా ప్యానెల్ కోణాలు పదును. కొత్త మోడల్ మధ్య ప్యానెల్ విడిగా కొనాల్సి వచ్చింది, స్పేర్స్ కౌంటర్‌లో రెండు వేల చిల్లర. ఏసీ గ్రిల్లులు దానిలోకి మారాయి. యూఎస్‌బీ కేబులు బావమరిదిగారు ఊరికే ఇచ్చారు, మా గ్లోవ్ బాక్స్ వెనక నుంచి లాగాం. ఏంటెన్నా అడాప్టర్ గుజరాతీ గల్లీలో దొరికింది, బూస్టర్ కోసం నీలం వైరు ఉన్నదే తీసుకున్నాం.

రాత్రి హెడ్‌లైట్లు వేసినా స్క్రీన్ వెలుగు తగ్గడం లేదు. అది ముందే అనుకున్నదే, సెట్టింగుల్లో రాత్రి మోడ్ నొక్కుకుంటున్నాను. దానికోసం వైరు సిగ్నల్‌ని క్యాన్ డేటాగా మార్చే పెట్టె కొనే ఉద్దేశం లేదు.

కానీ ఒకటి అర్థం కావట్లేదు. 91.1, 93.5, 98.3, 101.9 అన్నీ క్లియర్‌గా వస్తున్నాయి. మామయ్యగారి వివిధభారతి, 102.8, అది మాత్రం రావట్లేదు. తిప్పితే 102.7, ఆ తర్వాత నేరుగా 102.9. రెండిట్లోనూ గరగరల వెనక ఎక్కడో పాట. ఇంత పని చేసిన మనిషికి ఇదొక్కటీ లేకపోతే ఎలా? ఏంటెన్నా అడాప్టర్ మార్చాలా?


రాణిగంజ్ రెగ్యులర్:

అడాప్టర్ అయితే అన్ని స్టేషన్లూ గరగర అనాలె కదా మేడమ్. 101.9 క్లియర్ ఉండి 102.8 లేదంటే వేరే ఏదో ఉంది. జపాన్ నుంచి వచ్చిన పాత సిస్టంలలో ఎఫ్ఎం 76 నుంచి 90 దాకే ఉంటుండె, మన స్టేషన్లు ఏవీ సరిగ్గా వచ్చేటివి కావు. మీది అది కూడా కాదు.


వైరింగ్ పిచ్చోడు:

95.0 పెట్టి చూడండి. 94.9 నుంచి 95.1కి దూకితే ఖాయం, ట్యూనర్ ఏరియా అమెరికాకి సెట్ అయి ఉంది. అక్కడ ఎఫ్ఎం స్టేషన్లు 0.2 చొప్పున, చివరి అంకె బేసిగానే ఉంటాయి. అందుకే 98.3, 93.5 వస్తున్నాయి, 102.8 దాని లెక్కలో లేనే లేదు. సెట్టింగుల్లో రేడియో కింద ఏరియా అనో రీజియన్ అనో ఉంటుంది. అక్కడ లేకపోతే సర్వీస్ మెనూలో ఉంటుంది. సర్వీస్ మెనూలోకి వెళ్తే అదొక్కటి మార్చి బయటికొచ్చేయండి, మిగతావి ముట్టకండి. ముఖ్యంగా వాహనం రకం, స్టీరింగ్ పక్క.


నేరేడ్‌మెట్ కోడలు:

95.1కే దూకింది! మామూలు సెట్టింగుల్లోనే ఉంది, ‘రేడియో రీజియన్’ అని అడుగున. ఆసియా పెట్టగానే పాత స్టేషన్లన్నీ చెరిగిపోయాయి, మళ్లీ వెతికించాం. 102.8 వచ్చింది. మామయ్యగారు దాన్ని మొదటి నంబర్‌లో సేవ్ చేసి, నా 98.3ని ఆరో నంబర్‌కి పంపేశారు.

పాత సిస్టం ఎవరికైనా పార్టులకి కావాలంటే ఇక్కడ మెసేజ్ పెట్టండి. డబ్బులొద్దు, నేరేడ్‌మెట్ వచ్చి పట్టుకెళ్లాలి. టచ్ గాజు, బోర్డు పనికిరావు, డిస్‌ప్లే మాత్రం బాగానే ఉంది.


వైరింగ్ పిచ్చోడు:

నాకివ్వండి. డిస్‌ప్లే రిబ్బన్ ఊడదీయకుండా అలాగే ఉంచండి. ఆదివారం ఈసీఐఎల్ వైపు పని ఉంది, వచ్చి తీసుకుంటాను. మామయ్యగారు ఇంట్లోనే ఉంటారు కదా?